జైమీ మీద జాలి ఎందుకు?

ప్రశ్న: జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ నవలలు చదువుతున్నాను. మొదటి పుస్తకంలో పసివాణ్ని కిటికీలోంచి తోసేసిన జైమీ మీద మూడో పుస్తకానికొచ్చేసరికి జాలి కలుగుతోంది. ఎందుకండీ ఇలా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అది రచయిత చేసిన ఏర్పాటేనండీ. ఈ నవలల్లో ఒక్కో అధ్యాయం ఒక్కో పాత్ర కళ్లతో నడుస్తుంది. 1996 నాటి మొదటి పుస్తకంలో జైమీకి ఒక్క అధ్యాయమూ లేదు. అతణ్ని ఎక్కువగా గిట్టనివాళ్ల చూపుతోనే చూశాం. 2000లో వచ్చిన మూడో పుస్తకం ‘ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్’లో తొలిసారి అతని మనసు తెరుచుకుంటుంది. లోకం అతణ్ని రాజహంతకుడని ఈసడించడానికి కారణమైన ఆ హత్య, నగరాన్ని తగలబెట్టబోయిన రాజును ఆపడానికి చేసిందని తెలుస్తుంది. అయితే ఆ నిజం, అతను కిటికీలోంచి తోసేసిన పసివాడు బ్రాన్‌కు కాళ్లు తిరిగి తెప్పించదు. రెండూ అతని పనులే. జాలిపడటంలో తప్పులేదు, జాలిపడ్డాం కదా అని క్షమించేయనక్కర్లేదు.