మంద్రనాదపు పెట్టె

ఖాళీ సీసా మూతికి పెదవి ఆనించి మెల్లగా ఊదినచో "బూ" యను నాదము వినవచ్చును. సీసాలో సగమువరకు నీరు పోసి మరల ఊదినచో ఆ నాదము హెచ్చు శ్రుతిలో పలుకును. సీసా మారలేదు, ఊదువాడు మారలేదు. లోపలి గాలి పరిమాణము మాత్రమే తగ్గినది. ఘటము వాయించు విద్వాంసుడు కుండమూతిని తన ఉదరమునకు ఒకపరి చేర్చియు, ఒకపరి ఎడముగా నుంచియు గంభీరనాదమును మార్చుట మీలో కొందరు చూచియుందురు. అచ్చటను ఆ గాంభీర్యమునకు మూలము కుండలోని గాలియే.

కంటికి కనబడని ఈ గాలిని కొలతలో నుంచి పని చేయించినచో, చిన్న లౌడ్‌స్పీకరు కూడ పెద్ద మృదంగపు గుంకారమును వినిపింపగలదు. అట్టి సాధనమునకు పోర్టెడ్ సబ్‌వూఫరు పెట్టె యని పేరు. దానిని ఇంటివద్దనే ఎట్లు కట్టుకొనవచ్చునో తెలిసికొందము.

మొదట, పెట్టె ఎందులకు? లౌడ్‌స్పీకరులో కాగితముతోనో, అట్టి తేలిక వస్తువుతోనో చేసిన శంకువు ఒకటి ఉండును. అది ముందునకు కదలినపుడు ఎదుటి గాలి నొక్కుకొనును. అదే క్షణమున వెనుకనున్న గాలి పలుచనగును. సెకనుకు 35 కంపనములు గల మంద్రనాదపు తరంగము దాదాపు 10 మీటర్ల పొడవుండును. అంత పొడవైన తరంగమునకు శంకువు అంచు ఒక అడ్డు కానేకాదు. ముందరి ఒత్తిడిని వెనుకటి వెలితి వెంటనే పూడ్చివేయును. ఒకడు త్రవ్విన గుంటను మరియొకడు పూడ్చుచున్నట్లు శ్రమయంతయు వ్యర్థమగును. కావుననే శంకువు వెనుకనున్న గాలిని పెట్టెలో బంధింతురు.

పెట్టెను పూర్తిగా మూసివేసినచో ఈ కలత తీరును గాని, వెనుకవైపు పుట్టిన శక్తి పెట్టెలోనే అణగిపోవును. ఆ శక్తిని సైతము వినియోగించుటకు అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన ఆల్బర్ట్ థురాస్ ఒక ఉపాయము కనుగొని, 1932లో దానికి పేటెంటు పొందెను. పెట్టెకు ఒక రంధ్రము చేసి, అందులో గొట్టము నమర్చుటయే ఆ ఉపాయము. పెట్టెలోని గాలి స్ప్రింగువలె పనిచేయును; గొట్టములోని గాలి ఆ స్ప్రింగునకు తగిలించిన బరువువలె ముందువెనుకల కూగును. ఊయలకు తనదైన లయ యొకటి ఉన్నట్లే ఈ జంటకును ఒక స్వంత కంపనసంఖ్య యుండును. ఊయల లయ నెరిగి త్రోసినచో పసివాని చేయి కూడ దానిని ఎత్తునకు పంపగలదు. అట్లే ఆ కంపనసంఖ్యవద్ద శంకువు స్వల్పముగా కదలినను గొట్టములోని గాలి బలముగా కదలి, నాదములో అధికభాగమును తానే పలికించును. ఇట్టి పాత్రల స్వభావమును జర్మను శాస్త్రజ్ఞుడగు హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దముననే పరిశీలించియుండెను.

ఉపాయము తెలిసినను కొలతలు చాలకాలము ఊహకే విడువబడెను. 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరగు నెవిల్ థీల్, 1970 దశకమున రిచర్డ్ స్మాల్ ఆ లోటు తీర్చిరి. శంకువు తనంత తాను ఎంత వేగముగా ఊగును, దాని ఊపు ఎంత త్వరగా అణగును, దాని బిగువు ఎన్ని లీటర్ల గాలి బిగువునకు సమానము — ఈ మూడు సంఖ్యలు తెలిసినచో దానికి తగిన పెట్టెను గణితముచేతనే నిర్ణయింపవచ్చునని వారు చూపిరి. వూఫరు కొనునపుడు దానితో వచ్చు పట్టికలో ఈ సంఖ్యలు ఉండును. పట్టిక లేని వూఫరునకు పెట్టె కట్టుట, కొలత తీయక చొక్కా కుట్టుటవంటిది.

ఇపుడొక ఉదాహరణము చూతము. 10 అంగుళముల వూఫరు ఒకటి 50 లీటర్ల గాలిని, 35 కంపనముల శ్రుతిని కోరినదనుకొందము. బేస్ గిటారులోని అతి మంద్రమైన తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపించును గనుక ఈ శ్రుతి సంగీతమునకు చాలును. పెట్టె లోపలి వెడల్పు 32, ఎత్తు 45, లోతు 40 సెంటీమీటర్లుగా తీసికొన్నచో 57.6 లీటర్లగును. వూఫరు వెనుకభాగము, గొట్టము, లోపలి ఊతకఱ్ఱలు కలిసి సుమారు ఏడున్నర లీటర్ల చోటు ఆక్రమించును. మిగులునది మనకు కావలసిన 50 లీటర్లు.

గొట్టపు లోపలి వ్యాసము 10 సెంటీమీటర్లు అయినచో దాని వైశాల్యము 0.00785 చదరపు మీటరు. ఈ వైశాల్యమును, పెట్టె ఘనపరిమాణము, గొట్టపు పొడవు అను రెండింటి లబ్ధముచే భాగింపవలెను. వచ్చిన దాని వర్గమూలమును ధ్వనివేగమగు 344తో గుణించి, 6.28చే భాగించినచో శ్రుతి తెలియును. మన పెట్టెకు 35 రావలెనన్న గొట్టపు పొడవు 38.4 సెంటీమీటర్లు కావలెను. అయితే గొట్టపు రెండు కొనల వెలుపలనున్న కొంత గాలి కూడ లోపలి గాలితో కలిసి ఊగును. ఆ భాగము సుమారు 7.3 సెంటీమీటర్లు. దానిని తీసివేయగా, కోయవలసిన పొడవు 31 సెంటీమీటర్లు.

పెట్టెకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు శ్రేష్ఠము. నాలుగడుగుల చదరపు పలక ఒకటి చాలును. ముందు వెనుకలకు 35.6 వెడల్పు, 48.6 ఎత్తుగల పలకలు రెండు; ప్రక్కలకు 48.6 ఎత్తు, 40 లోతుగల పలకలు రెండు. పైని క్రింది భాగములకు 32 వెడల్పు, 40 లోతుగల పలకలు రెండు కోయవలెను. ఇవన్నియు సెంటీమీటర్లు. ముందుపలకకు మీదివైపున వూఫరు, క్రిందివైపున గొట్టము అమరును. రంపపు పని పెద్దలయెదుటనే చేయవలెను. రంధ్రపు కొలతను చేతనున్న వూఫరును కొలిచియే నిర్ణయింపవలెను.

బొబ్బిలి వీణను చేయువారు పనసకొయ్య చక్కగా పలుకవలెనని కోరుదురు. ఈ పెట్టె చేయువాడు కొయ్య మౌనముగా నుండవలెనని కోరవలెను. పలక అదరినచో అది తన స్వరమును సంగీతములో కలిపి, విననిదానిని వినిపించును. అందుకే అతుకులన్నిటికి జిగురు పూసి, మరలు బిగించి, ఎదురెదురు పలకల నడుమ ఊతకఱ్ఱలు నిలుపవలెను. సూదిమొనంత సందున్నను గాలి ఈలవేయును. అతుకులవెంట సిలికాను పూసి మూయవలెను. లోపలి గోడలకు పలుచని దూది పఱుపు అతికింపవచ్చును గాని అది గొట్టపు నోటికి అడ్డు రాకూడదు. గొట్టపు లోపలి కొన వెనుకపలకకు కనీసము 10 సెంటీమీటర్ల దూరమున నుండవలెను.

పి.వి.సి. గొట్టమును మొదట రెండు సెంటీమీటర్లు పొడవుగానే కోయుట వివేకము. పొడవును తగ్గింపవచ్చును, కోసినదానిని అతుకుట కష్టము. తరువాత ఒక్కొక్క శ్రుతిని మెల్లని ధ్వనితో వాయించుచు శంకువును పరిశీలింపుడు. ఏ శ్రుతివద్ద శంకువు దాదాపు కదలక, గొట్టము నోటివద్ద పట్టిన కాగితపు ముక్క మిక్కిలి అల్లాడునో, అదియే పెట్టె శ్రుతి. అది 35కు తక్కువైనచో గొట్టమును కొంచెము కొంచెముగా కోయుచు సరిచేయవలెను. లెక్కను చేసినవాడే చేతితో పరీక్షింపవలెను. అప్పుడే విద్య పూర్తియగును.

ఇందు రెండు ప్రమాదములు గలవు. పెట్టె శ్రుతికంటె చాల దిగువ నాదమును పెద్దగా వాయించినచో గొట్టపు గాలి శంకువునకు ఆసరా ఇయ్యదు. శంకువు అదుపుతప్పి ఊగగా వెనుకనున్న తీగచుట్ట చెడును. అట్టి నాదములను ఆపు ఫిల్టరు ఆంప్లిఫయరులో ఉండుట మేలు. రెండవది మనుష్యులకు సంబంధించినది. మంద్రనాదము గోడలకు సులభముగా లొంగదు. మనకు ఉల్లాసము కలిగించు గుంకారము ప్రక్కయింటి రోగికి నిద్ర చెఱచును. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు బహిరంగప్రదేశములలో లౌడ్‌స్పీకర్ల వాడుకను సామాన్యముగా నిషేధించినవి. ఇంటిలోను ఆ మర్యాదను పాటించుట సంస్కారము.

గొప్ప నాదమనగా పెద్ద శబ్దము కాదు. కొలత తప్పిన పెట్టె ఏ పాటకైనను ఒక్కటే రొద చేయును. కొలత కుదిరిన పెట్టె తాను మఱుగున నుండి, మృదంగపు తొప్పి వాదకుడు మ్రోగించినంతయే మ్రోగించును. ఉన్నదానిని ఉన్నట్లు పలుకుట మనుష్యునకే కాదు, కొయ్యపెట్టెకును గొప్ప గుణమే.