బియ్యం ఇస్తే ఎక్కడ వండుకుంటారు?



ఈ నెల ఐదో తరగతి ఈవీఎస్‌లో ఇళ్ల గురించి చెబుతూ, ఫుట్‌పాత్‌పై ఉండే కుటుంబాలకు ఇద్దామని పిల్లలను పిడికెడేసి బియ్యం తెమ్మన్నాను. బస్తాలో సగం దాకా వచ్చాయి. అప్పుడు వెనుక బెంచీలో పాప అడిగింది: "మేడమ్, వాళ్లకు స్టవ్ లేదు కదా, ఎక్కడ వండుకుంటారు?"

నిజంగానే నాకు తట్టలేదు! బీఈడీలోనూ ఎవరూ చెప్పలేదు.

ఆ రోజంతా ఆ ప్రశ్న మీదే మాట్లాడుకున్నాం. అద్దె గదిలో ఉండే పేద కుటుంబానికి బియ్యం పనికొస్తాయి. ఇల్లే లేనివారికి వండిన అన్నం కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలకే భోజనం దొరుకుతుంది. రాత్రి పడుకోవడానికి నైట్ షెల్టర్ కావాలి. లక్ష పట్టణ జనాభాకు కనీసం 100 మందికి షెల్టర్ ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు చెప్పాయి. వయసు ధ్రువపత్రం లేదని ఆ పిల్లలకు ఏ బడీ అడ్మిషన్ నిరాకరించకూడదు. 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ అదే చెబుతోంది.

మా బియ్యం దగ్గర్లోని గుడి అన్నదానానికి ఇచ్చాం.

ఇంటిపని: ఈ ఆదివారం మీకు దగ్గర్లోని నైట్ షెల్టర్ ఎక్కడుందో పిల్లలతో కలిసి కనుక్కోండి. అక్కడివారికి ఏం కావాలో అడిగి, నోట్‌బుక్‌లో రాయించి సోమవారం పంపండి.