ఇంజనుకూ ఊపిరి కావాలి



కడుపు నిండా అన్నం తిన్నా ఊపిరి ఆడకపోతే మనం బతకలేం. అలాగే ట్యాంకు నిండా పెట్రోలు ఉన్నా గాలి అందకపోతే ఇంజను నడవదు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి.

వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుందని ఛార్లెస్ నియమంలో చదువుకున్నాం. పీడనం మారనప్పుడు 27 డిగ్రీల గాలి కంటే 60 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 10 శాతం తక్కువ. ఇంజనుకు అందే ఆక్సిజన్ కూడా అంతే తగ్గుతుంది, శక్తి తగ్గుతుంది. మే నెలలో మన కోరుకొండలో బయటి గాలే 40 డిగ్రీలు దాటుతుంది. కారు బానెట్ కింద ఇంకా వేడి! అందుకే వేగంగా పోయే కార్లలో గాలి గొట్టాన్ని రేడియేటర్ వెనుక కాక, ముందువైపు బయటి గాలి తగిలేచోట పెడతారు. ఫిల్టరుకు ఇంజను సెగ తగలకుండా పెట్టెలో మూసి ఉంచుతారు.

రెండు జాగ్రత్తలు:

1. గాలి బాగా ఆడుతుందని ఫిల్టరు తీసేయకూడదు. కోతల రోజుల్లో ఎగిరే దుమ్ము సిలిండరును అరగదీస్తుంది.

2. గొట్టం మూతిని మరీ కిందికి దించకూడదు. వానాకాలంలో రోడ్డుమీది నీటిని పీలిస్తే, నీరు గాలిలా కుదించుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

శబ్దం పెరిగితే బలం పెరిగినట్టు కాదు. మెకానిక్ కావాలనుకునే మిత్రులారా! ఏ మార్పు చేసినా ముందూ తర్వాతా థర్మామీటరుతో కొలిచి చూడండి. సైన్సు మనకు నేర్పేది అదే.