బండలు పరిచే ముందు

స్వాతీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. పూలమడి చుట్టూ సిమెంటు గట్టు కట్టి, నడిచేచోట బండలు పరుస్తానన్నాడా మీ మేస్త్రీ? ఒక్క వారం ఆగమను.

ముందు మడి ఎక్కడిదాకా రావాలో ముగ్గుపిండితో గియ్యి. వంపు కావాలంటే నీళ్ల పైపు పరిచి దాని వెంటే గియ్యి. నాలుగు రోజులు మామూలుగా తిరుగు. కుళాయి దగ్గరికి వెళ్లేటప్పుడు ముగ్గు ఎక్కడ చెరుగుతుందో అక్కడే బండ పడాలి. గోడవార మడి వెడల్పు రెండడుగులు చాలు. చెయ్యి చాస్తే వెనక మొక్క అందాలి, లేకపోతే కలుపు తియ్యడానికి మడి తొక్కుతావు.

అసలు పేచీ మన గుంటూరు నల్లరేగడితోనే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దానిమీద ఊరికే పరిచిన బండ ఏడాది తిరక్కుండానే ఒక మూల లేచి కాలికి తగులుతుంది. బండ పడేచోట అర అడుగు మట్టి తీయించి, కంకర పోసి దిమ్మిస కొట్టించు. పైన రెండంగుళాల ఇసుక. సందుల్లోనూ ఇసుకే. అప్పుడు బండ కుంగినా తీసి సర్దుకోవచ్చు.

తాండూరు బండ మంచిదే, గరుకు వైపు పైకి ఉండాలి. నునుపు చేసింది వానలో జారుతుంది. అది సున్నపురాయి, ఆసిడ్ పోసి కడగనివ్వకు, పైపొర తినేస్తుంది. కడప నల్లబండ చూపుకి బాగుంటుంది గానీ మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా దానిమీద నిలబడాలి. మీ మామయ్య ఒకసారి నిలబడ్డాడులే.

గట్టు సంగతంటావా, నేనూ మొదట సిమెంటుదే కట్టించాను. భాద్రపదం వానలకు మడి కాస్తా తొట్టయింది. మల్లె ఆకులు పసుపుబారాయి. పీకి చూస్తే వేర్లు నల్లగా ఉన్నాయి, వేళ్ల మధ్య నలిపితే తొక్క ఊడొచ్చింది. గట్టు పగలగొట్టించి, ఇటుకల్ని ఏటవాలుగా, సగం నేలలోకి, రంపపు పళ్లలా పాతించాను. సందుల్లోంచి నీళ్లు పోతున్నాయి. ఇటుక బాగా కాలిందైతేనే సుమా, పచ్చిది రెండు వానలకే చెదిరిపోతుంది.

వెనక మందారం, దాని నీడన కనకాంబరం, ముందు బంతి వెయ్యి. ఇటుకలవార గడ్డిగులాబీ పెడితే అంచు దాటి బండలమీదికి పాకుతుంది. తుంపులు ఆదివారం తడిగుడ్డలో చుట్టి తెస్తాను. ప్రహరీకి మిగిలిన ఇటుకలు మేస్త్రీ పట్టుకుపోకుండా చూసుకో.

ఇట్లు
నీ అత్తయ్య