పసివాని కోపము – పెద్దల ఓర్పు

దైవదర్శనమునకై వరుసలో నిలిచిన కుటుంబములలో తరచుగా కనబడు దృశ్యమొకటి కలదు. మూడేండ్ల బిడ్డ చాలసేపు నిరీక్షించి, విసిగి, నేలపై కూలబడి కాళ్లు తన్నుకొనుచు ఏడ్చును. నలుగురు చూచుచున్నారను సిగ్గుతో తండ్రి చేయెత్తును. తల్లి పోలీసు పట్టుకొనిపోవునని బెదరించును. అదియు కానిచో సెల్‌ఫోను చేతికిచ్చి నోరు మూయింతురు. బిడ్డ ఊరకుండును. కాని తన కోపమును గూర్చి వాడేమైన నేర్చుకొనెనా? బలవంతుడు కోపించినప్పుడు బలహీనుడు ఊరకుండవలెనను పాఠము మాత్రమే నేర్చుకొనెను. ఆ పాఠమును రేపు చెల్లెలిపైనను, పెద్దవాడైన పిమ్మట భార్యాబిడ్డలపైనను ప్రయోగించును. కావున పసివారి కోపమును గూర్చి మన గ్రంథములు ఏమి బోధించుచున్నవో విచారించుట అవసరము.

కోపమునకు పేరు పెట్టుట

భగవద్గీత రెండవ అధ్యాయమున కోపము పుట్టు క్రమము చెప్పబడినది. విషయమును పదే పదే తలచుట వలన సంగము, సంగము వలన కోరిక, కోరిక వలన కోపము, కోపము వలన సమ్మోహము, దాని వలన స్మృతిభ్రంశము, పిమ్మట బుద్ధినాశము కలుగును. పెద్దలకు చెప్పిన ఈ క్రమము పసివాని యెడ మరింత స్పష్టముగా కనబడును. బొమ్మను కోరెను. అది దొరకలేదు. కోపము వచ్చెను. అమ్మ నిన్న చెప్పిన మాట మరచెను. చేతికందినది విసరెను. కోపము నడుమ ఉపదేశము ఏల పనిచేయదో దీనివలన తెలియును. స్మృతి చెదరిన వేళ ఎంత మంచి మాటయైనను బుద్ధిని చేరదు.

అమరకోశమున కోపమునకు గల పర్యాయపదములలో అమర్షము ఒకటి. మర్షణమనగా ఓర్చుకొనుట. ఓర్వలేకపోవుట అమర్షము. తెలుగుననైతే పిల్లల కోపమునకు ఎన్నియో పేర్లు కలవు. బుజ్జగింపు కోరి మూతి ముడుచుకొనుట అలక. ఏమియు చేయలేక కన్నీళ్లతో వచ్చునది ఉక్రోషము. ఎగతాళికి వచ్చునది ఉడుకుమోతుతనము. కోరినది దక్కువరకు విడువకుండుట మంకుపట్టు. ఆకలికి, నిద్రలేమికి వచ్చునది చిరాకు. వీనికన్నిటికిని మందు ఒకటి కాదు. అలకకు పలకరింపు, ఉక్రోషమునకు చేయూత, మంకుపట్టునకు పెద్దల నిలకడ, చిరాకునకు అన్నము, నిద్ర. ఉడుకుమోతుతనమునకు మందు మనము ఎగతాళి మానుటయే.

ఈ పేర్లను బిడ్డకు కూడ నేర్పవలెను. "గోపురం కట్టడం రాలేదని ఉక్రోషం వచ్చింది కదూ నాన్నా" అని తల్లి అనినచో, తన లోపల చెలరేగుచున్నదానికి ఒక పేరు కలదని, అది వచ్చి పోవునదని బిడ్డ గ్రహించును. పేరు తెలిసినవాడు చేతితో కొట్టుటకు బదులు నోటితో చెప్పుట క్రమముగా నేర్చుకొనును.

యశోద విడిచిన కర్ర

భాగవత దశమస్కంధమున బాలకృష్ణుడు స్తన్యము త్రాగుచుండగా పొయ్యిపై పాలు పొంగినవి. యశోద బిడ్డను దింపి పరుగెత్తెను. కడుపు నిండని బాలుడు కోపించి, పెదవి కొరుకుకొని, పెరుగుకుండను రాతితో పగులగొట్టెను. తిరిగివచ్చిన తల్లి ఆ పని చూచి మొదట నవ్వెను. పిమ్మట కర్ర పట్టి తరిమెను. పట్టుకొనిన తరువాత బిడ్డ కన్నులలోని భయమును చూచి కర్రను పారవేసెను. అయినను విడిచిపెట్టక రోటికి కట్టెను. ఆ త్రాడు రెండు అంగుళములు తక్కువగుట, స్వామి దామోదరుడగుట అందరెరిగినదే.

భగవల్లీలగా వినునది వేరు, గృహస్థులుగా నేర్చుకొనునది వేరు. గృహస్థులకు ఇందు మూడు విషయములు కలవు. కోపమునకు కారణము దుష్టబుద్ధి కాదు, నడుమ ఆగిన ఆకలి. తల్లి కుండ కంటె బిడ్డను మిన్నగా చూచెను. భయము కనబడగనే కర్ర పోయెను గాని హద్దు పోలేదు. నేటి తల్లులు బిడ్డలను కట్టివేయవలెనని దీని అర్థము కాదు. కోపమునకు క్షమ కలదు, కోపముతో చేసిన పనికి హద్దు కలదు. ఈ రెంటిని వేరుచేసి చూపుటయే శిక్షణ.

సునీతి ఒడి, నారదుని చేయి

చతుర్థస్కంధమున ధ్రువుడు ఐదేండ్ల బాలుడు. తండ్రి తొడనెక్కబోగా సవతితల్లి సురుచి పరుషముగా అడ్డగించెను. తండ్రి ఉత్తానపాదుడు మౌనము వహించెను. పెదవులదర, నిట్టూర్పులు విడుచుచు వచ్చిన బాలుని సునీతి మొదట ఒడిలోనికి తీసికొనెను. ఏడవవద్దని గద్దింపలేదు. సురుచిపై ద్వేషమును నూరిపోయలేదు. ఇతరులకు కీడు తలపవద్దని చెప్పి, శ్రీహరిని ఆశ్రయింపుమని దారి చూపెను. మొదట ఒడి, పిమ్మట మాట, ఆ పిమ్మట చేయవలసిన పని. ఇదియే క్రమము.

త్రోవలో నారదుడు బాలుని శిరస్సును నిమిరి, ఈ వయస్సున మానావమానములేమిటని బోధించెను. సురుచి మాటలచే చీలిన తన హృదయమున ఆ ఉపదేశము నిలుచుట లేదని ధ్రువుడు ఉన్నదున్నట్లు చెప్పెను. దేవర్షి కోపింపలేదు. సంతోషించి, మంత్రముపదేశించి, యమునాతీరమందలి మధువనమునకు పంపెను. ఎదురుచెప్పిన బిడ్డను మన్నించుట ఎట్లో ఇందు చూడవలెను.

కథ అంతటితో ముగియలేదు. రాజైన ధ్రువుడు, తమ్ముడు ఉత్తముని యక్షుడొకడు చంపెనని విని, ఒకని తప్పునకు అనేకులను సంహరింపసాగెను. తాతయైన స్వాయంభువ మనువు వచ్చి వారించెను. శ్రీహరిని దర్శించినవానికి సైతము కోపము మరల వచ్చెను. అట్టిచో నాలుగేండ్ల బిడ్డ ఒక్కసారి చెప్పగనే మారవలెననుట న్యాయమా?

ఇంట ఆచరింపదగినవి

బిడ్డ కోపించినప్పుడు మొదట మన శ్వాసను, స్వరమును తగ్గించుకొనవలెను. బిడ్డ కన్నులకు సమానముగా కూర్చుండవలెను. కొట్టుట, కొరుకుట చేయుచున్నచో చేతిని మెల్లగా పట్టి ఆపవలెను. ఆ సమయమున రెండు మాటలే చాలును. శాంతించిన పిమ్మట మంచినీళ్లిచ్చి, జరిగినది చెప్పించి, విసరిన వస్తువులను మనతో కలిసి సర్దింపవలెను.

కోపము లేని వేళ సాధన చేయింపవలెను. సంధ్యాదీపము కడ కూర్చుండబెట్టి, ప్రణవమునో రామనామమునో ఒక్క ఊపిరితో దీర్ఘముగా పలికించినచో నెమ్మదిగా శ్వాస విడుచుట అలవడును. ఆట ముగింపవలసినచో కొంత ముందుగా చెప్పవలెను. యాత్రకు వచ్చువారు బిడ్డకు ఆహారము, నీరు వెంట తెచ్చుకొని, నిద్రవేళను గమనించి బయలుదేరవలెను. పసిబిడ్డల తల్లిదండ్రులకు ప్రత్యేక ప్రవేశము కలదేమో ముందుగా విచారించుకొనవలెను.

దండనను గూర్చి

ఐదేండ్లు లాలించి, పదేండ్లు దండించి, పదునారవ ఏట మిత్రునివలె చూడవలెనను నీతిని చూపి బిడ్డలను కొట్టువారు కలరు. ఆ నీతి ప్రకారమైనను మొదటి ఐదేండ్లు లాలనమే. పైగా మనుస్మృతి రెండవ అధ్యాయమున, హితమును హింస లేకయే, మధురమైన వాక్కుతో బోధింపవలెనని ఉన్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాలలలో శారీరక దండనను నిషేధించినది. బడిలో కూడని దెబ్బ ఇంటిలోను కూడదు.

పెద్దలు కోపముతో మాట తూలినచో, శాంతించిన పిమ్మట బిడ్డతో "నేను అరవకుండా ఉండవలసింది" అని చెప్పుటకు సిగ్గుపడరాదు. ఓర్పు అను గుణమును బిడ్డ పుస్తకమున కంటె ముందుగా తల్లిదండ్రుల ముఖమున చదువును. స్వామి సన్నిధికి బిడ్డను వెంటగొని వచ్చువారు, ఆ వరుసలో నిలిచియున్నంతసేపు తామును ఈ పాఠమును అభ్యసింతురుగాక.

శుభమ్.