విజిల్ మీద రాయి పెట్టకండమ్మా

అక్కలూ, చెల్లెళ్ళూ, ఈసారి మన ముచ్చట కుక్కర్ మూత గురించి. మొహం చిట్లించకండి. మన ఆలూరు, ఆదోని వైపు బోరు నీళ్ళ సంగతి మీకు తెలియనిదా! ఆ నీళ్ళలో కందిబ్యాళ్ళు ఉడకాలంటే తాతలు దిగి రావాలి. ఇంకో ఊళ్ళో నాలుగు విజిళ్ళకు మెత్తబడేవి మన దగ్గర ఏడెనిమిదికి గాని దారికి రావు. ఆ నీళ్ళే కాగీ కాగీ మూతలో ఆవిరి పోయే గొట్టం లోపల తెల్లగా చట్టు కడతాయి. దాని మీద పప్పు నురగ ఎండి అతుక్కుంటుంది. ఓసారి మూత తీసుకుని, విజిల్ తీసేసి, కిటికీ వెలుతురుకు పట్టి చూడండి. ఆ సన్న కన్నంలోంచి ఆకాశం కనబడాలి. మసగ్గా ఉంటే సన్న తీగ పెట్టి కెలికి, కొళాయి కింద పట్టి కడిగి, మళ్ళీ చూడండి.

ఆ కన్నం మూసుకుంటే ఏమవుతుందో తెలియాలంటే లోపల ఏం జరుగుతోందో కొంచెం తెలియాలి. మామూలు గిన్నెలో నీళ్ళు నూరు డిగ్రీల దగ్గరే మరుగుతాయి కదా. కుక్కర్లో ఆవిరి బిగబట్టుకుని ఉంటుంది కాబట్టి వేడి 120 దాకా పోతుంది. బయటి గాలి కంటే అదనంగా ప్రతి చదరపు సెంటీమీటరు మీదా ఇంచుమించు ఒక కిలో ఒత్తిడి. గొట్టం కన్నం ఎంతో, దాని మీద కూర్చునే బరువు ఎంతో కంపెనీవాళ్ళు లెక్కగట్టి చేస్తారు. ఒత్తిడి ఆ హద్దు చేరగానే విజిల్ లేస్తుంది. అందుకే ఒక కంపెనీ విజిల్ ఇంకో కంపెనీ మూతకు పెట్టకూడదు. పట్టింది కదా అని సరిపోయినట్టు కాదు.

గొట్టం మూసుకుపోయినా, నీళ్ళన్నీ ఇగిరి అడుగంటినా కాపాడేది ఆ పక్కనుండే సేఫ్టీ వాల్వు. పైనుంచి చూస్తే చిన్న బొడిపె. అందులో తక్కువ వేడికే కరిగే లోహపు బొట్టు ఉంటుంది. వేడి హద్దు మీరితే అది కరిగి కన్నం తెరుచుకుంటుంది, ఆవిరి బుస్సున పోతుంది. పప్పు గోడ మీదికి చిమ్మినా మనిషి మిగులుతుంది. అంటే ముందు తను చెడిపోవడమే దాని ఉద్యోగం. మనవాళ్ళు చేసే పనేమిటంటే దాన్ని ‘గట్టి’ చేయడం! కరిగిన చోట సీలు ముద్ద మెత్తేవాళ్ళు కొందరు, స్క్రూ బిగించేవాళ్ళు కొందరు. విజిల్ పక్కన ఆవిరి కారుతోందని మా వీధి వదిన ఒకామె దాని మీద నున్నటి రాయి పెట్టింది. ‘వదినా, అది కుక్కర్ కాదు, బాంబు’ అంటే నవ్వింది. నేను నవ్వలేదు.

రబ్బరు సంగతీ అంతే. చాలా కుక్కర్లకు మూత అంచున పొడుగాటి చీలిక ఉంటుంది, చూసే ఉంటారు. ఒత్తిడి మరీ ఎక్కువైతే రబ్బరు అక్కడ బయటికి ఉబ్బి ఆవిరికి దారి ఇస్తుంది. రబ్బరు వదులైందని దారం చుట్టి, గుడ్డ కుక్కితే ఆ దారీ మూసినట్టే. కొత్తది కొనండి.

వీధిలోకి సైకిల్ మీద వచ్చే రిపేరీ ఆయన సంచిలో పేరూ ఊరూ లేని వాల్వులు ఉంటాయి. ‘అన్ని కుక్కర్లకూ పడుతుందక్కా’ అంటాడు. ఆ మాట వినగానే మూత వెనక్కి తీసుకోండి. ఆదోని అంగళ్ళలోనో ఎమ్మిగనూరులోనో మీ కంపెనీ పేరు చెప్పి అడిగితే అసలు సామాను దొరుకుతుంది. వెళ్ళేటప్పుడు పాత ముక్క చేతిలో పట్టుకెళ్ళండి. కుక్కరే కొత్తది కొంటుంటే ఐఎస్ఐ గుర్తు, పైన ఐఎస్ 2347 అనే అంకె, కింద లైసెన్సు నంబరు చూడండి. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఆ గుర్తు లేని కుక్కర్ అమ్మడం చట్టానికి విరుద్ధం. పెద్ద కంపెనీ కదా, అన్నీ చూసే అమ్ముతారనుకోవద్దు. అలాంటి కుక్కర్లు 2,265 తన సైట్లో అమ్ముడయ్యాయని 2022లో అమెజాన్‌కే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ లక్ష రూపాయల జరిమానా వేసింది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ లైసెన్సు నంబరు కొడితే నిజమో కాదో అది చెబుతుంది. మీకు చేతకాకపోతే ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చున్న పిల్లాడికి ఆ పని అప్పజెప్పండి.

దేవరగట్టు బన్ని పండగకు ఇల్లంతా చుట్టాలు దిగుతారు కదా, ఆరోజు కూడా కుక్కర్లో మూడింట రెండు వంతులకు మించి నింపకండి. పప్పయితే సగమే.

ఇక నన్ను అన్నిటికంటే భయపెట్టేది సుగ్గికి, అంటే వలస పనులకు పోయేవాళ్ళ చిన్న సిలిండర్. మిరప కోతకు గుంటూరు వైపో, కట్టడం పనికి బెంగళూరో పోతూ నెత్తి మీదే బర్నరు బిగించిన బండలు కొంటారు. వాటిని అంగడి వెనక పెద్ద సిలిండర్ నుంచి నింపుతారు. ఏ ముద్రా లేని వాల్వు, ఎంత నింపారో తెలియని గ్యాసు, అదీ టార్పాలిన్ గుడిసెలో పడుకునే పిల్లల పక్కన! గ్యాస్ కంపెనీలే 5 కిలోల సిలిండర్లు అమ్ముతాయి. అడ్రసు రుజువు అక్కర్లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపితే గ్యాస్ ఏజెన్సీలో ఇస్తారు. రెగ్యులేటరూ అక్కడే తీసుకోండి. ట్యూబు నారింజ రంగు సురక్షా ట్యూబే, లోపల తీగ అల్లిక ఉండేది. దాని మీద తేదీ ఉంటుంది, అయిదేళ్ళు దాటితే మార్చేయండి. నీళ్ళ పైపు ముక్క కోసి తగిలించడం వద్దు.

బిగించాక కీళ్ళ దగ్గర సబ్బు నీళ్ళు రాసి చూడండి. బుడగ లేస్తే రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, దీపం గాని స్విచ్చి గాని ముట్టకుండా బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి. ఆ నంబరు రాత్రీ పగలూ పలుకుతుంది.