ఏ వరుసలో ఎక్కువ?

మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని నాలుగేళ్ళ తమ్ముడో, చెల్లాయో ఉంటే ఈ చిన్న ప్రయోగం చేసి చూడండి.

కావలసినవి: పన్నెండు చింతగింజలు. (పిల్లలు వాటిని నోట్లో, ముక్కులో పెట్టుకోకుండా మీరు దగ్గరే ఉండాలి.)

చేసే పద్ధతి: ఆరు గింజలను ఒక వరుసగా పేర్చండి. ఒక్కొక్క గింజకు ఎదురుగా ఒక్కొక్కటి వచ్చేటట్లు కింద మరో ఆరు పేర్చండి. "ఏ వరుసలో ఎక్కువున్నాయిరా? రెండూ సమానమేనా?" అని అడగండి. "సమానమే" అంటాడు. ఇప్పుడు వాడి కళ్ళ ముందే కింది గింజలను ఎడంగా జరిపి, మళ్ళీ అదే ప్రశ్న వేయండి. చాలామంది పసివాళ్ళు ఈసారి పొడుగు వరుసను చూపించి "ఇందులోనే ఎక్కువ" అంటారు. మనం ఒక్క గింజయినా కలపలేదే!

స్విట్జర్లాండుకు చెందిన జీన్ పియాజె (1896–1980) ఇటువంటి ప్రయోగాలు ఎన్నో చేసి, వాటిని 1941లో పుస్తకంగా ప్రచురించాడు. అమరిక మారినా సంఖ్య మారదనే జ్ఞానాన్ని 'పదిలపరచుకొనే భావన' అంటారు. సుమారు ఆరేడేళ్ళ వయసు వచ్చేదాకా ఇది స్థిరపడదని, అంతవరకు వరుస పొడవే పిల్లలను మోసగిస్తుందని ఆయన చెప్పాడు.

అయితే కథ అంతటితో ముగియలేదు. 1970లలో మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ అనే పరిశోధకులు వరుసను తాము జరపకుండా, ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్లు నటించారు. అప్పుడు ఎక్కువమంది పిల్లలు "సమానమే" అన్నారు! పెద్దవాళ్ళు గింజలు జరిపి, అదే ప్రశ్న రెండోసారి అడిగితే, వేరే జవాబు కావాలేమోనని పిల్లలు అనుకుంటారన్నమాట. కాబట్టి తప్పు చెప్పిన తమ్ముణ్ణి "మొద్దు" అనకండి. ప్రశ్న అడిగే తీరు కూడా జవాబును మార్చగలదు.

మరి ఎక్కువ తక్కువలు ఎలా నేర్పాలి? ఇరవైదాకా ఒంట్లు గడగడ అప్పజెప్పడం వేరు, వస్తువులు లెక్కించడం వేరు. ముందుగా జతపరచడం నేర్పండి. భోజనాల వేళ కంచానికొక గ్లాసు పెట్టమనండి. గ్లాసు మిగిలితే గ్లాసులు ఎక్కువ; కంచం మిగిలితే కంచాలు ఎక్కువ. దీనికి అంకెలతో పనే లేదు.

తర్వాత రెండు గింజలను ఐదింటితో, ఆపైన మూడింటిని నాలుగింటితో పోల్చమనండి. చిన్న గుంపులనే ఎందుకు తీసుకోవాలి? ఇంగ్లండుకు చెందిన జెవన్స్ ఒక పెట్టెలోకి చిక్కుడు గింజలు విసిరి, ఒక్క చూపులో ఎన్ని పడ్డాయో చెప్పేవాడు. వెయ్యికి పైగా ప్రయత్నాలు చేసి, ఆ ఫలితాలను 1871లో ప్రకటించాడు. మూడు, నాలుగు గింజల వద్ద ఆయన ఎన్నడూ పొరబడలేదు. ఐదు నుంచి తప్పులు మొదలయ్యాయి. పెద్దవాళ్ళ చూపుకే అది హద్దు!

చివరగా ఒక్కొక్క గింజను ఒక్కసారే తాకుతూ లెక్కించడం నేర్పండి. ఆఖరున పలికిన అంకే మొత్తం గుంపు సంఖ్య అని తెలియాలి. గింజలను చెదరగొట్టి, మళ్ళీ లెక్కించమనండి. సంఖ్య మారలేదని వాడే కనుక్కుంటాడు.

జతపరచడం పసిపిల్లల ఆటే కదా అనుకుంటున్నారా? జర్మనీలో గణిత శాస్త్రజ్ఞుడు కాంటర్ 1870లలో ఈ పద్ధతితోనే అనంతమైన సమితులను పోల్చాడు. మీరూ ప్రయత్నించండి: 1కి 2, 2కి 4, 3కి 6... ఇలా ప్రతి సహజ సంఖ్యకు ఒక సరి సంఖ్యను జతచేస్తూ పొండి. ఏ వరుసలోనైనా ఏదైనా మిగులుతుందా? ఏ వరుసలో ఎక్కువ? జవాబు చెప్పేముందు తమ్ముడి చింతగింజలను ఒకసారి గుర్తు తెచ్చుకోండి.